జానయ్య హోటల్లో పొద్దుటి గోలీ

ఆలేరు మండలం,
16 జూన్ 2024

పెద్దన్నకు చెల్లె మల్లిక నమస్కారం.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఆఁ, మంచిది, ఉంట మరి" అని నాలుగు ముక్కలు అని పెట్టేస్తావు. నేను ఇంకా మాట మొదలే పెట్టి ఉండను. ఉత్తరం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ కవర్లు అడిగితే ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, బీరువా అడుగు నుంచి దుమ్ము దులిపి నాలుగు ఇచ్చింది. నీ వల్ల నేను ముసలిదాన్ని అయిపోయాను.

ముందు మంచి మాట. మన చిన్నన్న విజేందర్, రామచంద్రయ్య పటేల్ పొలంలో బోరు మోటారు బాగుచేశాడు. కాలిపోయిన తీగ మొత్తం విప్పి, కొత్త తీగ చుట్టి, రెండు రోజుల్లో నీళ్లు పోయించాడు. తొమ్మిదేళ్ల తర్వాత చేతిలో పనిముట్టు పట్టాడు అన్నా. బాపు పోయేదాకా వెనక అర్రలో మేకల గొలుసుతో కట్టి పెట్టిన మనిషి అతను. ఆ గొలుసు తీసి మా ఇంటికి తెచ్చుకున్న రోజు కాలికి ఉన్న పుండు నేను కడిగాను. నువ్వు చూడలేదు.

ఇదంతా ఎట్లా జరిగిందో పోయినసారి సగమే చెప్పాను. నేను పనిచేసే సంస్థ పేరు 'తోడు'. నెలకోసారి, రెండో గురువారం, మన ఊరి దవాఖానకు మనసు డాక్టరు వస్తుంది. మందు ఆమె రాస్తుంది. ఆ మందు రోజూ మనిషి కడుపులోకి పోయేట్టు చూడటం మా పని. దానికి ఒక పద్ధతి ఉంది. గోలీ ఇచ్చే మనిషి ఇంటివాడు కాకూడదు. ఇంటివాళ్లు సిగ్గుపడతారు, అలిసిపోతారు, ఒకరోజు మరిచిపోతారు. అందుకని వాడకట్టులో ఒకరిని తోడు మనిషిగా పెడతాం. చిన్నన్నకు హోటల్ జానయ్య తోడు. పొద్దున ఏడింటికి పోతే ఛాయ్ ఇస్తాడు, పక్కన గోలీ పెడతాడు. చిన్నన్న అందరి ముందూ మింగి నోరు తెరిచి చూపిస్తాడు.

మొదటి నెల చిన్నన్న కూర్చుంటే బెంచీ ఖాళీ అయ్యేది. ఇప్పుడు పక్కకు జరిగి జాగా ఇస్తున్నారు. మొన్న ఒకాయన "ఏం విజేందరూ, గా గోలీ జర సగం నాకియ్యి. ఇంట్ల పోరు పడలేక నాక్కూడ పిచ్చి లేస్తాంది" అంటే చిన్నన్న నవ్వాడు. అతని పళ్లు చూసి ఎన్నేళ్లయిందో.

జానయ్య భార్య బతుకు మీద విరక్తితో ప్రాణం తీసుకున్న సంగతి నీకు తెలుసు కదా. "గప్పుడు నాకు ఎవలన్న ఇవన్నీ చెప్పి ఉంటే ఆమె బతికేది బిడ్డా" అంటాడు. అందుకే ఒక్క పొద్దు తప్పనివ్వడు.

నా బిడ్డ సుమన ఈ ఏడు పదో తరగతి. మామకు ఉత్తరం రాస్తున్నానంటే, ఉత్తరం అంటే ఏంటి అని అడిగింది. నీ ఆరోగ్యం చూసుకో. వదిన పోయాక నువ్వు ఏం వండుకు తింటున్నావో కూడా తెలియదు.

నీ చెల్లె,
మల్లిక

*

మేళ్లచెరువు,
2 జూలై 2024

మల్లికకు అన్న భిక్షపతి దీవెనలు. నేను క్షేమం.

నీ ఉత్తరం రాకముందే నాకు సంగతి తెలిసింది. మన ఊరి సాయిలు సిమెంటు లోడుకు లారీ తీసుకుని వచ్చాడు. నా ఎదురుగా నిలబడి, నలుగురు కూలీలు వింటుండగా, "మీ తమ్ముడు జానయ్య హోటల్ల పిచ్చి గోలీ మింగి నోరు తెరుస్తడు, మస్తు మంచిగైండు" అని నవ్వుకుంటూ చెప్పాడు. ఆ నలుగురూ నా మొహం చూశారు.

నువ్వు చదువుకున్నదానివి. బాపు ఎందుకు అర్రలో పెట్టాడో నీకు తెలియదా. వాణ్ని హింసించాలని కాదు. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. మన వాడ పేరు చెబితే మొహం తిప్పుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. దాని మీద పిచ్చోళ్ల ఇల్లు అని ఇంకో పేరు కావాలా. రేపు సుమనకు సంబంధం చూడాలంటే ఎవరు వస్తారు.

నేను ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో, రాళ్లు పిండి చేసే క్రషర్ దగ్గర పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ఒక్కరితో మాట పడలేదు. నా కష్టం ఏందో ఎవరికీ తెలియనివ్వలేదు కాబట్టే పడలేదు. మనిషి అట్లా బతకాలి.

నేను ఒకటి అనుకున్నాను. విజేందర్‌ను ఇక్కడికి తెచ్చుకుంటాను. ఇక్కడ వాణ్ని ఎరిగినవాళ్లు లేరు. సూరత్‌లో మిల్లులో చేసి వచ్చాడని చెబుతాను. మోటార్ల షాపులు రెండు ఉన్నాయి. గోలీ ఇంట్లో మింగుతాడు, నేను చూస్తాను. అన్నను, ఆమాత్రం చేయలేనా.

ఫోన్ గురించి అడిగావు. క్రషర్ రొద, ఫోన్ లోపలికి తేనివ్వరు. ఉత్తరమే నయం, రెండుసార్లు చదువుకోవచ్చు.

భిక్షపతి

*

ఆలేరు మండలం,
14 జూలై 2024

పెద్దన్నా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సాయిలు వంకర మనిషి కాదు. నీకు సంతోషం అవుతుందని చెప్పాడు. అతను నవ్వింది కూడా అందుకే.

నువ్వు రాసినవన్నీ నేను ఇంటింటికీ తిరిగి వింటున్నవే. నా దగ్గర పదకొండు ఇళ్లు ఉన్నాయి. ప్రతి ఇంట్లో ముందు గొలుసో గడియో ఉంది, తర్వాత ఒక బాబా, తర్వాత పెండ్లి మాట. పిచ్చి కుదిరితే గానీ పెండ్లి కాదు, పెండ్లి అయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టు తిరుగుతుంటారు. పక్క తండాలో ఒక ఆడమనిషిని బియ్యం బస్తాల గదిలో పెట్టి, చుట్టాలు వస్తే పుట్టింటికి పోయింది అని చెప్పేవారు. పాపం, ఆ పుట్టింటివాళ్లు వచ్చినప్పుడు కూడా అదే చెప్పారు.

సిగ్గు ఎవరికుందో వాళ్లే గోలీ ఆపుతారు. అది నేను పుస్తకంలో చదివింది కాదు, చూసింది. పోయిన ఎండాకాలం ఇద్దరి విషయంలో చూశాను. జానయ్య దగ్గర అయితే నలభై కళ్లు చూస్తాయి. ఒక్క పొద్దు పోకపోతే మధ్యాహ్నానికి నా ఇంటికి కబురు వస్తుంది. మేళ్లచెరువులో నువ్వు డ్యూటీకి పోయాక అతన్ని ఎవరు చూస్తారు?

పంపను. ఇదే నా జవాబు.

ఇంకొక మాట రాయాలా వద్దా అని కవరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. చిన్నన్న బాగున్నాడు, నిజమే. కానీ ఎప్పుడైనా రాత్రి లేచి తిరుగుతాడు. మా ఇంట్లో ఉన్నవి రెండు అర్రలు. సుమన ఉలిక్కిపడి లేస్తుంది. మా ఆయన ఏమీ అనడు, ఆయన అననిదే నాకు బరువు. అతను మా ఇంటికి వచ్చినప్పటి నుంచీ నేను ఒక కన్ను తెరిచి పడుకుంటున్నాను. ఇది నువ్వు చదివి మరిచిపో.

మల్లిక

*

ఆలేరు మండలం,
24 ఆగస్టు 2024

పెద్దన్నకు,

రాఖీ కట్టాక చెల్లె అడగాలి, అన్న ఇవ్వాలి. మన ఇంట్లో తిరగబడింది. మొన్న పండక్కి నువ్వు వచ్చినప్పుడు, నేను నీ చేతికి దారం కట్టి పళ్లెం కింద పెట్టకముందే "వాణ్ని నాతోని పంపు" అన్నావు. నేను కాదనలేకపోయాను. చిన్నన్న మొహం చూశాను, అతను అప్పటికే చొక్కాలు సంచిలో పెట్టుకుంటున్నాడు. అన్న పిలిచాడని అంత సంబరం అతనికి.

మీరు క్షేమంగా చేరారని బస్సు కండక్టరు ఫోన్ నుంచి చిన్నన్నే చెప్పాడు. సంతోషం.

ఒక విషయంలో మాత్రం కోపంగా ఉంది. ఆ సాయంత్రం జానయ్య వెనక నుంచి రెండుసార్లు "భిక్షపతి, బాగున్నవా" అని పలకరించాడు. నువ్వు తిరిగి కూడా చూడలేదు. "మీ అన్నకు ఫ్యాక్టరీ గాలి బాగ తలిగింది బిడ్డా" అన్నాడు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీకు అతని మీద కోపం ఉంటే ఉండనీ, పలకరింపుకు పలకటానికి ఏం పోయింది?

ఇప్పుడు ముఖ్యమైనది. సంచి అడుగున తెల్ల కవరులో రెండు నెలల గోలీలు ఉన్నాయి. రోజుకు ఒకటి, పొద్దున తిన్నాక, నీ కళ్ల ముందు. డాక్టరు చీటీ కూడా అందులోనే ఉంది. అక్కడ ఏ సర్కారు దవాఖానకు పోయినా చూపించు. నేను నింపిన కాగితం ఒకటి ఉంది, అతని గురించీ చూసుకునే నీ గురించీ ఇరవై మూడు ప్రశ్నలు, అన్నింటికీ జవాబు రాశాను. అది చదువు.

అది చదవకపోయినా ఒక్కటి గుర్తుపెట్టుకో. అతనికి మళ్లీ వస్తే ముందుగా వచ్చేది మాట. చీకటి పడ్డాక పండుకుని ఒక్కడే మాట్లాడతాడు. గట్టిగా కాదు, మామూలుగా, పక్కన ఎవరో ఉన్నట్టు. మన పేర్లు పెట్టి పిలుస్తాడు. ఆ మాట విన్న తెల్లారే నాకు కబురు పెట్టు. వారం ఆగితే చేయి దాటుతుంది. పోయినసారి మేము పదో రోజు విన్నాం, ఎనిమిదేళ్లు పోయాయి.

దండం పెడుతున్నాను, దీన్ని తేలిగ్గా తీసుకోకు.

మల్లిక

*

మేళ్లచెరువు,
15 సెప్టెంబర్ 2024

మల్లికకు దీవెనలు.

ఫికర్ పడకు. విజేందర్ మంచిగున్నాడు. మోటార్ల షాపులో పెట్టించాను. సేటు పనితనం చూసి మెచ్చుకున్నాడు. సూరత్ అని చెప్పాను, ఎవరూ ఎదురు అడగలేదు.

నువ్వు రాత్రి మాటల గురించి అంత రాశావు. ఇక్కడ అదేం లేదు. నోరు మెదపడు. ఒకే అర్ర, రెండు మంచాలు. బల్బు తీసేసి పడుకుంటే తెల్లారేదాకా ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉంటుంది. ఊళ్లో పదిమంది మధ్య కూర్చోబెట్టి మీరే వాణ్ని పాడు చేశారేమో.

గోలీలు బియ్యం డబ్బాలో దాచాను, పక్కింటి బిక్షమ్మ అస్తమానం వచ్చిపోతుంటుంది కాబట్టి. నేను ఐదింటికే డ్యూటీకి పోవాలి. తీసి వేసుకో అని చెప్పాను. వేసుకుంటున్నాడు. చిన్నపిల్లవాడు కాదు కదా.

జానయ్యతో నాకు కోపం లేదు. పలకరించింది చూసుకోలేదు. చెప్పు.

భిక్షపతి

*

ఆలేరు మండలం,
6 అక్టోబర్ 2024

పెద్దన్నకు,

బతుకమ్మ ఆడి వచ్చి కూర్చుని రాస్తున్నాను. తంగేడు ఈసారి దొరకలేదు, సుమన గుట్ట దాకా పోయి తెచ్చింది. దాని మొహంలో నిద్ర కనబడుతోంది అన్నా. నెలన్నరగా మా ఇంట్లో అందరం పడుకుంటున్నాం. నేను కూడా. లేచాక ఎవరి సొమ్మో తిన్నట్టు ఉంటుంది.

చడీచప్పుడు లేదని రాశావు, చదివి ఎంత నిమ్మళం అయిందో. కానీ గోలీ అతని చేతికి వదిలేయటం నాకు నచ్చలేదు. నీ కళ్ల ముందు అన్నాను. డ్యూటీకి పోయే ముందు లేపి వేయించు, అర్ధాకలితో వేసుకున్నా ఏం కాదు. పద్దెనిమిదో తారీఖుకు అయిపోతాయి. ఈ గురువారం డాక్టరు ఇక్కడికి వస్తుంది, నువ్వు రాలేకపోతే సూర్యాపేట పెద్ద దవాఖానకు చీటీ తీసుకుపో. ఒక్క పూట సెలవు పెట్టు.

జానయ్య ఇప్పటికీ ఏడింటికి నన్ను చూస్తే "మనోడు ఎట్లున్నడు" అంటాడు. అతను నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాడట. మోగి మోగి ఆగిపోయిందట. నేనేం చెప్పను? అన్నకు తీరదు అన్నాను. గంట సేపు తీరకపోవచ్చు, నాలుగు రోజులు ఎవరికీ తీరకుండా ఉండదు.

ఈసారి ఉత్తరంలో చిన్నన్నతో రెండు వరుసలు రాయించు. అతని దస్తూరి చూడాలని ఉంది.

మల్లిక

*

మేళ్లచెరువు,
30 అక్టోబర్ 2024

మల్లికకు,

దీపావళికి ముందు లోడింగ్ ఎక్కువ. సెలవు అడగలేదు. గోలీలు అయిపోయాయి. మనిషి నెమ్మదిగా ఉన్నాడు, పనికి పోతున్నాడు, ఇంకా ఎందుకు మింగించాలి. బాగైనవాడికి మందు పెడితే మళ్లీ రోగి అవుతాడు. కొన్నాళ్లు చూద్దాం.

ఈ మధ్య తిండి తక్కువ చేశాడు. షాపుకు రెండు రోజులు పోలేదు. లేపితే విసుక్కున్నాడు, నేనూ ఒక మాట అన్నాను. అంతకుమించి ఏం లేదు.

నువ్వు అడిగావని రాయించాను. కింద రాసింది వాడే. నేను దిద్దలేదు. అలిగి రాశాడు, మనసులో పెట్టుకోకు.

భిక్షపతి

చెల్లె మల్లికకు. నేను మంచిగున్న. అన్న నాతోని మాట్లాడతలేడు. రాత్రి అంత అడుగుత. పండుకుని కండ్లు మూసుకుంటడు గని పలుకడు. నేను ఏం తప్పు చేసిన్నో నువ్వన్న అడుగు. జానయ్యకు చెప్పు నేను వస్త అని. విజేందర్.

*

ఆలేరు మండలం,
8 నవంబర్ 2024

అన్నా,

నమస్కారం రాయటానికి కూడా చేయి రావటం లేదు.

రాత్రంతా ఒక మనిషి నిన్ను పిలుస్తుంటే కళ్లు మూసుకుని పడుకోవటానికి నీకు మనసు ఎట్లా వచ్చింది? ఇల్లు చడీచప్పుడు లేకుండా ఉందని నాకు రాసింది నువ్వే కదా. అంటే అతను మాట్లాడుతున్నాడు, నువ్వు దాచావు. దాచటం నీకు బాపు నుంచి వచ్చింది. బాపు కనీసం వెనక అర్రకు పోయి తిట్టేవాడు, ఆ తిట్టయినా మనిషి మాటే.

ఇరవై రోజులుగా గోలీ లేదు. ఆ ముందు వేసుకున్నాడో లేదో దేవుడికే తెలియాలి. ఈ ఉత్తరం కంటే ముందు అందాలని ఇవాళే బస్సు పార్సిల్‌లో నెలకు సరిపడా గోలీలు పంపాను. నీ నంబర్ రాశాను. కోదాడ బస్టాండులో దించి నీకు ఫోన్ చేస్తారు. ఈ ఒక్కసారి ఆ ఫోన్ ఎత్తు. తెచ్చి, ఛాయ్‌తో ఇచ్చి, నోరు తెరిపించి చూడు.

పద్నాలుగున డాక్టరు వస్తుంది, ఏం చేయాలో అడుగుతాను. పదిహేడు ఆదివారం నేను వచ్చి అతన్ని తీసుకుపోతాను. నువ్వు అడ్డం వస్తే పోలీసులతో వస్తాను, నీ పరువు ఏమవుతుందో చూసుకో.

అప్పటిదాకా అతనితో మాట్లాడు. ఏదో ఒకటి. వాన గురించి మాట్లాడు.

మల్లిక

*

మేళ్లచెరువు,
5 జనవరి 2025

మల్లికకు,

విజేందర్‌ను మట్టిలో పెట్టి యాభై రోజులు దాటింది. నువ్వు రాయలేదు. రాయవని తెలుసు. నేనే రాస్తున్నాను, ఇంతకుముందు నాలుగు కాగితాలు చింపాను.

పదమూడో తారీఖు పొద్దున నేను డ్యూటీకి పోయేసరికి మంచం మీద ఉన్నాడు. మధ్యాహ్నం వచ్చేసరికి లేడు. పాత రాతి గనిలో నీళ్లు నిలిచిన గుంట ఉంది కదా, అక్కడ చెప్పులు దొరికాయి. పడ్డాడో దిగాడో ఎవరూ చూడలేదు. ఇది నీకు పోలీసులు చెప్పారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

నాకు చెవులు వినపడవు మల్లికా.

ఇప్పుడు కాదు, ఆరేడు ఏళ్లుగా. క్రషర్ దగ్గర ముందు కుడిది పోయింది, తర్వాత ఎడమది. ఎదురుగా ఉంటే పెదవులు చూసి మాట పట్టుకుంటాను. వెనక నుంచి పిలిస్తే తెలియదు. చీకట్లో అసలే తెలియదు. మీ వదిన శ్రీదేవికి తెలుసు, ఉన్నన్నాళ్లు అదే నా చెవి. ఏటా కంపెనీ పరీక్ష ఉంటుంది. చెవులకు డబ్బాలు పెట్టి, చప్పుడు వినగానే చేయి ఎత్తమంటారు. కాంపౌండరు బొత్తాం నొక్కేటప్పుడు అతని భుజం కొంచెం కదులుతుంది. నేను భుజం చూసి చేయి ఎత్తుతాను. ఆరుసార్లు నెగ్గాను. తెలిస్తే మిషను దగ్గర ఉండనివ్వరు, ఈ వయసులో వేరే పని రాదు. అంతకంటే, నలుగురిలో చెవిటోడు అనిపించుకోవటం నాకు చేతకాలేదు.

పార్సిల్ వచ్చిందని బస్టాండు నుంచి మూడుసార్లు ఫోన్ చేశారట. లోపలికి తేనివ్వరని నీకు రాసింది సాకు, ఫోన్ నా జేబులోనే ఉంది. నీ ఉత్తరం పదమూడున సాయంత్రం వచ్చింది.

వాణ్ని పెట్టి వచ్చిన నాలుగో రోజు బిక్షమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె పెదవులు నాకు బాగా తెలుస్తాయి. "పద్దెనిమిది రాత్రులు పిలిచిండు నిన్ను. అన్నా, లే అన్నా, వీళ్లను పొమ్మను అన్నా, భయమైతాంది అన్నా అని. గోడ అవతలికెల్లి మాకు నిద్ర లేదు. నేను రెండుసార్లు కిటికీల నుంచి నిన్ను కేకేసిన. నువ్వు కదల్లే. గింత రాతి గుండె మనిషి ఉంటడా అనుకున్నం" అంది.

ఆ మంచానికీ నా మంచానికీ మధ్య మూర జాగా లేదు. నేను వాడివైపు వీపు పెట్టి పడుకునేవాణ్ని.

వాడు కాగితం మీద రాసి ఇచ్చినప్పుడు కూడా నాకు తట్టలేదు. పగలు తల వంచుకుని గొణిగేవాడు, అందక విసుక్కునేవాణ్ని. దాన్నే రాత్రి అని రాశాడు అనుకున్నాను. చెవులు లేవని వాడికి ఒక్క మాట చెప్పి ఉంటే నన్ను తట్టి లేపేవాడు. తమ్ముడికి కూడా చెప్పలేదు నేను.

గోతి దగ్గర నువ్వు పక్కన నిలబడి ఏదో అడిగావు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నావు. నాకు తెలియలేదు. తల ఊపాను. ఎప్పుడూ అదే చేస్తాను. నువ్వు ఆ తర్వాత నా వైపు చూడలేదు. ఏం అడిగావో ఇప్పుడైనా తెలుసుకోవాలని కూడా లేదు.

పనికి పోవటం మానేశాను. వండుకోవటం లేదు. పడుకుంటే నిద్ర రాదు, ఇప్పుడు వినాలని చూస్తాను, ఏముంది వినటానికి. సుమనకు పరీక్షలు దగ్గరపడ్డాయి కదా, నువ్వు బిడ్డను చూసుకో. ఇక ఉత్తరం రాయకు.

భిక్షపతి

*

ఆలేరు మండలం,
10 జనవరి 2025

పెద్దన్నకు,

ఈ ఉత్తరం సాయిలు చేతికి ఇస్తున్నాను. రాత్రి లోడుకు బయలుదేరుతున్నాడు, రేపు నీ ఎదురుగా నిలబడి చేతిలో పెడతాడు. చదివేదాకా కదలవద్దని చెప్పాను.

నేను గోతి దగ్గర అడిగింది ఇది. "రాత్రుళ్లు మాట్లాడిండా అన్నా, నీకు ముందే తెలుసా" అని. నువ్వు తల ఊపావు. తెలిసీ ఊరుకున్నావని యాభై రోజులు నమ్మాను. అన్నం ముందు కూర్చుంటే నిన్ను తిట్టకుండా ముద్ద దిగలేదు.

నా వంతు కూడా విను. తోడు మనిషికి చెప్పకుండా రోగిని ఊరు దాటించకూడదని మాకు నియమం. ఇంకొకరి ఇంట్లో అయితే నేను పోట్లాడి ఆపుతాను. మన ఇంట్లో, రాఖీ తెల్లారి, మిమ్మల్ని ఐదున్నర బస్సుకు పంపాను. ఏడింటికి పోతే జానయ్య ఆపుతాడని తెలుసు కాబట్టే ఐదున్నర. అతను ఛాయ్ పోసి, గోలీ పక్కన పెట్టి తొమ్మిదింటిదాకా చూశాడట. తర్వాత పోయి, అన్న పెద్ద దవాఖానలో చూపిస్తానని తీసుకుపోయాడు అని అబద్ధం చెప్పాను. నా పుస్తకంలో 'కుటుంబం సంరక్షణలో ఉన్నాడు' అని రాసి సంతకం పెట్టాను. ఆ రాత్రి తలుపు వేసుకుని పడుకున్నాను అన్నా. నువ్వు రాఖీ రోజు అడిగావని నేను ఇవ్వలేదు. నాకు ఇచ్చేయాలని ఉండి ఇచ్చాను.

ఇరవై మూడు ప్రశ్నల కాగితం నింపాను కదా. తోడు ఉండే మనిషికి చదువు వచ్చా, తాగుతాడా, డ్యూటీ ఎన్ని గంటలు, అన్నీ ఉన్నాయి. చెవుల మాట లేదు. మాట వినమని పదిసార్లు రాసినదాన్ని, వినపడుతుందా అని ఒకసారి అడగలేదు. జానయ్యను పలకరించని రోజే నాకు తట్టాలి. గర్వం అనుకున్నాను. మన అన్న గర్విష్ఠి అనుకోవటం నాకు అంత తేలిక అయింది.

నిన్న హోటల్‌కు పోయి జానయ్యకు ఇదంతా చెప్పాను, నా అబద్ధంతో సహా. నలుగురి ముందే చెప్పాను. అతను స్టవ్ ఆర్పి వచ్చి కూర్చుని "గా మీ అన్న ఉత్తరం చదువు" అన్నాడు. చదివాను. "తింటలేడు, పండుతలేడు, పనికి పోతలేడు. బిడ్డను మంచిగ చూసుకో అంటుండు. గిట్లనే చెప్పింది నా భార్య. ఇంక ఏం చూస్తున్నవ్ బిడ్డా" అన్నాడు.

నిన్ను క్షమించాను అని రాయను. నన్ను నేను క్షమించుకోలేదు, నీకు ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వను. కానీ ఆ మంచం పక్కన నిన్ను ఒక్కణ్ని ఉంచను. నీకు చెవులు లేవని ఇప్పుడు ఊరంతా తెలుసు. నేనే చెప్పాను. తిట్టాలనుకుంటే వచ్చాక తిట్టు.

ఆదివారం నేనూ జానయ్యా మొదటి బస్సుకు బయలుదేరుతున్నాం. మోత్కూరు, సూర్యాపేట, కోదాడ మారి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. అప్పటిదాకా బిక్షమ్మ వచ్చి నీ దగ్గర కూర్చుంటుంది, ఆమెతో ఫోన్‌లో మాట్లాడాను. తలుపు గడియ పెట్టుకోకు. మేము ఎంత కొట్టినా నీకు వినపడదు.

మల్లిక